గుమ్మానికి నూలు మామిడాకులు: తోరణం అల్లుతూ క్రోషా నేర్చుకునే పద్ధతి

క్రోషా, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని, మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వాళ్ళని కదిలిస్తే ఎక్కువమంది చెప్పేది ఒకటే కథ. శాలువా మొదలుపెట్టాను, జానెడు అయ్యేసరికి ఒక పక్క వెడల్పు తగ్గి త్రికోణం అయింది, అటక మీద పడేశాను అని. నాదీ అదే కథ. పైగా మే నెలలో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరని తిరుపతిలో శాలువా ఎవరికి కప్పుదామనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

రెండోసారి మామిడాకుల తోరణంతో మొదలుపెట్టాను, అది కుదిరింది. ఎందుకు కుదిరిందంటే తోరణంలో ఒకే ఆకుని 21 సార్లు అల్లుతాం. తప్పు పోతే ఆ ఒక్క ఆకే విప్పుకోవాలి, నెల రోజుల పని కాదు. మొదటి ఆకుకి ముప్పావుగంట పడుతుంది, వంకరగా వస్తుంది, ఏడెనిమిది ఆకులయ్యాక చెయ్యి తనంతట తానే తిరుగుతుంది, పదిహేనో ఆకుకి వచ్చేసరికి టీవీ చూస్తూ అల్లుతారు. మొదటి వంకర ఆకులు రెండు చివర్లకి పోతాయి, తలుపు పక్కన పడి ఎవరి కంటా పడవు. మా అత్త మాత్రం "మామిడి తోటలున్న చిత్తూరు జిల్లాలో పుట్టి దారంతో మామిడాకులు అల్లుతావా" అని ఒక వారం నవ్వింది. ఉగాదికి, పెళ్ళికి పచ్చి ఆకులే కట్టుకుందాం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ అవి రెండో రోజుకే ముడుచుకుపోతాయి కదా, మిగిలిన సంవత్సరమంతా గుమ్మం బోసిగా ఉండకుండా ఇది ఉంటుంది.

ముందు సామాను

దారం నూలుదే తీసుకోండి. షాపులో క్రోషా దారం అంటే చాలాచోట్ల అక్రిలిక్ ఊలు ఉండలు ముందు పెడతారు, రంగులు బాగుంటాయి, ధర తక్కువ, కానీ మన ఎండకి వేళ్ళకి అతుక్కుంటుంది, పైగా వేడి తగిలితే కరుగుతుంది కాబట్టి వంటింట్లోకి పనికిరాదు. కాటన్, 8 ప్లై (ప్లై అంటే దారం లావు చెప్పే లెక్క) అని అడగండి. ఆకుపచ్చ 50 గ్రాముల ఉండలు రెండు, పసుపు ఒకటి, నారింజ ఒకటి. పచ్చ ఒకటే సరిపోవచ్చు, కానీ చాలక మళ్ళీ వెళ్తే అదే పచ్చ దొరకదు. ఉండ కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) కూడా ఉంటుంది, రెండు ఉండల మీదా అది ఒకటే ఉందో లేదో చూసి మరీ తీసుకోండి. తిరుపతిలో అయితే గాంధీ రోడ్డు వైపు టైలరింగ్ సామాను, ఫ్యాన్సీ షాపుల్లో అడగండి, దొరక్కపోతే ఆన్‌లైన్.

క్రోషా సూది 3.5 మి.మీ.ది, పట్టుకునే చోట రబ్బరు ఉన్నదైతే మంచిది. ఉత్త ఇనుప సూదికి చెమట చేతితో దారం జారదు, పట్టేస్తుంది. అలాంటిదే ఉంటే వేళ్ళకి కాస్త పౌడరు రాసుకోండి. ఇవి కాక పెద్ద కన్ను ఉన్న మొద్దు సూది ఒకటి, కత్తెర, టేపు, పిన్నీసులు ఓ ఇరవై. పిన్నీసులెందుకో తర్వాత చెప్తాను.

మన నర్సాపురం లేసు చూసి, అలా సన్నగా అల్లాలని సన్న దారం, సన్న ఉక్కు సూది కొనకండి. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చిన పని అది, ఏళ్ళ తరబడి అల్లిన చేతులవి. మనం లావు దారంతో మొదలుపెడితే కుట్టు కంటికి కనిపిస్తుంది, తప్పు ఎక్కడ పడిందో తెలుస్తుంది.

చైన్, ఇంకో నాలుగు కుట్లు, అంతే

సూదిని కుడి చేత్తో పెన్ను పట్టినట్టో, కూరగాయల కత్తి పట్టినట్టో మీకు వాటంగా ఉన్నట్టు పట్టుకోండి. అసలు పని ఎడమ చేతిది. ఉండ నుంచి వచ్చే దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడు వేలి మీదుగా తీసుకురండి. ఆ వేలు పైకెత్తితే దారం బిగుస్తుంది, దించితే వదులవుతుంది. అల్లిక నీటుగా ఉండటం, ఉండకపోవడం అంతా ఆ వేలిలోనే ఉంది.

దారం కొసన జారుముడి వేసి సూదికి ఎక్కించండి. సూది మీద దారం చుట్టి, ఆ ముడిలోంచి బయటికి లాగితే ఒక చైన్. ఇలా ఒక యాభై వేసి విప్పేయండి, మళ్ళీ వేయండి. ఒక సాయంత్రమంతా ఇదే చేసినా నష్టం లేదు. చైన్ పైనుంచి చూస్తే జడ అల్లినట్టు వరసగా వీ ఆకారాలు కనిపిస్తాయి, ఒక్కో వీ ఒక్కో చైన్. లెక్కపెట్టేటప్పుడు సూది మీద ఉన్న లూప్‌ని, మొదటి ముడిని కలపకూడదు. చాలా మంది అక్కడే తప్పుతారు.

సింగిల్ అంటే సూదిని కుట్టులో గుచ్చి, దారం లాగితే సూది మీద రెండు లూపులుంటాయి, మళ్ళీ దారం చుట్టి రెండింట్లోంచీ ఒకేసారి లాగడం. హాఫ్ డబుల్‌కి గుచ్చే ముందే ఒకసారి దారం చుట్టుకోవాలి, గుచ్చి లాగితే మూడు లూపులు, మూడింట్లోంచీ ఒకేసారి లాగాలి. డబుల్‌కి కూడా ముందు చుట్టుకుని గుచ్చి లాగుతాం, మూడు లూపులొస్తాయి, అయితే రెండింట్లోంచి ఒకసారి, మిగిలిన రెండింట్లోంచి ఇంకోసారి, రెండు విడతల్లో లాగుతాం. అందుకే అది ఎత్తుగా నిలబడుతుంది. స్లిప్ కుట్టు అంటే గుచ్చి, దారం పట్టి, అన్నింట్లోంచీ లాగేయడమే, ఎత్తు ఉండదు, కలపడానికి మాత్రమే.

ఒక్క హెచ్చరిక. వీడియోలు, ప్యాటర్న్‌లు చూసి అల్లే వాళ్ళు ముందు అది అమెరికా పద్ధతా, బ్రిటన్ పద్ధతా చూసుకోండి. అమెరికా వాళ్ళు సింగిల్ అనేదాన్నే బ్రిటన్ వాళ్ళు డబుల్ అంటారు. ఈ ముక్క తెలియక మా చెల్లెలి బిడ్డకి అల్లిన టోపీ పూలకుండీ తొడుగంత అయింది, ఇప్పటికీ ఇంట్లో అది ఒక జోకు. నేనిక్కడ రాసేవన్నీ అమెరికా పేర్లే.

ఆకు అల్లడం

26 చైన్లు వేయండి. సూది దగ్గరున్న మొదటి చైన్ వదిలేసి, రెండోదాంట్లో నుంచి మొదలుపెట్టి చైన్‌కి ఒకటి చొప్పున ఈ వరసలో వేసుకుంటూ పోండి: 2 సింగిళ్ళు, 3 హాఫ్ డబుళ్ళు, 15 డబుళ్ళు, మళ్ళీ 3 హాఫ్ డబుళ్ళు, 2 సింగిళ్ళు. మొత్తం 25. చివర్లలో పొట్టి కుట్లు, మధ్యలో పొడుగు కుట్లు కాబట్టి సగం ఆకు దానంతటదే తేలుతుంది. గుచ్చేటప్పుడు వీ ఆకారంలో రెండు పోగుల కిందికీ సూది పోవాలి, ఒక పోగే పట్టుకుంటే తర్వాత సాగి కన్నాలు పడతాయి.

ఇప్పుడు ఆకు కొస దగ్గరున్నారు. అల్లినదంతా మామూలు తోటాకులా కాకుండా మామిడాకులా కనబడాలంటే ఈ కొస సూదిగా రావాలి. 3 చైన్లు వేసి, ఆ మూడింట్లో మొదటి చైన్‌లోనే ఒక స్లిప్ వేయండి. చిన్న ముల్లులా పొడుచుకొస్తుంది. వేలితో దాన్ని కిందికి లాగి చూడండి, అప్పటిదాకా దారం ముక్కలా ఉన్నది ఒక్కసారిగా ఆకై కూర్చుంటుంది. నాకు మొదటిసారి అది చూసినప్పుడు పక్కింటికి పరుగెత్తి చూపించాలనిపించింది, నిజం చెప్పాలంటే చూపించాను కూడా.

తర్వాత అల్లికని తిప్పి పట్టుకోండి. అదే చైన్ కింది వైపు ఒక్కో పోగు మిగిలి ఉంటుంది, అందులోకి గుచ్చుతూ వెనక్కి రావాలి. మీరు చివరి సింగిల్ వేసిన చైన్ అవతలి పోగు నుంచే మొదలు. వరస అదే: 2, 3, 15, 3, 2. మొదట జారుముడి వేసినప్పుడు మిగిలిన దారం తోక ఇక్కడే వేలాడుతుంటుంది, దాన్ని కుట్ల మీద పరిచి పట్టుకుని దాని మీదుగానే అల్లేయండి, లోపలికి పోతుంది, తర్వాత సూదితో దాచే పని తప్పుతుంది. మధ్యలో నిలువుగా ఆకు ఈనె లాంటి గీత కూడా కనిపిస్తుంది, అది మనం వేసింది కాదు, చైన్ వల్ల దానికదే వస్తుంది.

చివరికి వచ్చాక మొదట్లో వదిలేసిన చైన్‌లో ఒక స్లిప్, అక్కడి నుంచి 8 చైన్లు, మళ్ళీ అదే చోట ఒక స్లిప్. ఉంగరం లాంటి కాడ తయారైంది. జానెడు దారం వదిలి కత్తిరించి, లూప్‌లోంచి లాగి బిగించి, మొద్దు సూదితో వెనక వైపు కుట్లలోకి ముందుకొకసారి, వెనక్కొకసారి దూర్చండి. ఒక వైపే దూర్చి వదిలేస్తే రెండు ఉతుకులకి బయటికి వస్తుంది.

ఆకు సుమారు 13 సెం.మీ. పొడవు రావాలి. 11 వచ్చిందంటే చెయ్యి బిగువు, 4 మి.మీ. సూది తీసుకోండి. 15 దాటితే 3 మి.మీ. వాడండి. దారం లాగి లాగి సరిచేయాలని చూడకండి, సూది మార్చడమే మార్గం. ఆకు దోసె అంచులా పైకి లేస్తుంటే చైన్ బిగుతుగా వేశారని అర్థం, చైన్ వరకు ఒక సైజు పెద్ద సూదితో వేసి, కుట్లు పాత సూదితో వేయండి. పొట్టి ఆకు కావాలంటే 18 చైన్లు వేసి మధ్యలో 15 బదులు 7 డబుళ్ళు వేస్తే చాలు, మిగతాదంతా మారదు. కీచైన్‌కి, బుక్‌మార్క్‌కి అది బాగుంటుంది.

తాడు, లెక్క

గుమ్మం లోపలి వెడల్పు టేపు పెట్టి కొలవండి, కంటి అంచనా వద్దు. ఇక్కడ 100 సెం.మీ. అనుకుందాం. 21 ఆకులంటే మధ్యలో 20 ఖాళీలు, ఒక్కో ఖాళీ 5 సెం.మీ. మీ అల్లికలో 10 సింగిళ్ళు ఎంత పొడవొస్తాయో కొలవండి. 5 సెం.మీ. వస్తే ఈ లెక్క యథాతథంగా వాడుకోవచ్చు, లేకపోతే 5 సెం.మీ.కి ఎన్ని కుట్లు పడుతున్నాయో ఆ సంఖ్య పెట్టుకోండి.

321 చైన్లు వేయాలి. ఇక్కడే పిన్నీసులు: ప్రతి 20 చైన్లకి ఒక పిన్నీసు తగిలించండి. ఎవరో పిలుస్తారు, కుక్కరు కూత పెడుతుంది, లెక్క మర్చిపోతారు, పిన్నీసులుంటే చివరి పిన్నీసు నుంచి లెక్కపెట్టుకుంటే చాలు. నేను ఒకసారి 280 దాకా వేసి మర్చిపోయి మొదటి నుంచీ లెక్కపెట్టాను, ఆ సుఖం మీకొద్దు.

రెండో చైన్ నుంచి సింగిళ్ళు మొదలుపెట్టి 60 వేయండి, అది మేకుకి కట్టుకునే తోక. 61వ సింగిల్ దగ్గర, ఆకు కాడ ఉంగరంలోకి ముందు సూది దూర్చి, అదే సూదిని చైన్‌లోకి గుచ్చి, రెండింటినీ కలిపి సింగిల్ వేయండి. ఆకు వేలాడింది. తర్వాత 9 ఉత్త సింగిళ్ళు, పదోది మళ్ళీ ఆకుతో. ఇలా 21 ఆకులూ అయ్యేసరికి ఇంకా 59 చైన్లు మిగులుతాయి, వాటిలో సింగిళ్ళు వేసి ముగించండి. ఆకుల ముఖాలన్నీ మీ వైపే ఉన్నాయో లేదో గుచ్చే ముందు చూసుకోండి, ఒకటి వెనక్కి తిరిగితే గుమ్మానికి కట్టాకే కనబడుతుంది.

బంతిపూలు కావాలంటే: 30 చైన్లు వేసి, రెండు చైన్లు వదిలి మూడోదాంట్లో నుంచి ప్రతి చైన్‌లోనూ 3 డబుళ్ళు. కుట్లు ఎక్కువై పట్టీ దానంతటదే జిలేబీలా చుట్టుకుంటుంది. ఆ చుట్టని కింద నుంచి సూదితో నాలుగైదు చోట్ల కుట్టి కట్టేయండి. పువ్వు దారం చాలా తింటుంది, అందుకే ప్రతి ఖాళీలో కాకుండా ఒకటి విడిచి ఒకటి చొప్పున 10 చాలు, పసుపు ఐదు, నారింజ ఐదు.

అన్నీ అయ్యాక గంజి. అన్నం వార్చిన గంజి ఉంటే అదే, లేకపోతే చెంచా బియ్యప్పిండి గ్లాసు నీళ్ళలో ఉడికించి చల్లార్చింది. ముందు ఒక పచ్చ దారం ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి, రంగు దిగుతుంటే ఆకుల్ని రెండుసార్లు చల్లనీళ్ళలో జాడించాకే గంజి. ముంచి, పిండకుండా అరచేతుల మధ్య నొక్కి, ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద ఒక్కో ఆకు కొస లాగి సరిచేసి నీడలో ఆరబెట్టండి. న్యూస్ పేపరు మీద పెడితే అక్షరాలు అంటుకుంటాయి. ఎండాకాలమైతే మధ్యాహ్నానికి అట్టముక్కల్లా నిలబడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య వానలు కదా, ఆ తేమకి గంజి మెత్తబడి బూజు వాసన వస్తుంది, బొద్దింకలూ చేరతాయి. అప్పుడు ఉతికి, గంజి లేకుండా మడిచి పెట్టుకోండి, సంక్రాంతికి ముందు మళ్ళీ గంజి పెట్టుకోవచ్చు.

అవ్వ చీరతో కుదురు

దీనికి దారం కొననక్కర్లేదు. పాత నూలు చీర చాలు. మా అవ్వ చీర ఒకటి చిరిగిపోయి, పారేయబుద్ధి కాక పెట్టెలో ఉంటే, దాన్ని చింపి ఆమె ముగ్గురు కూతుళ్ళకీ తలా ఒక కుదురు అల్లి ఇచ్చాను. బంగారం ఇచ్చినా అలా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు కాదేమో.

చీరని ఒక అంచు దగ్గర అంగుళం వెడల్పున కత్తెరతో గాటు పెట్టి రెండో అంచు దాకా చించండి, కానీ పూర్తిగా కాదు, రెండు సెం.మీ. ముందే ఆపేయండి. ఇంకో అంగుళం వదిలి ఈసారి అటు వైపు నుంచి ఇటు చించి, మళ్ళీ ముందే ఆపండి. ఇలా అటూ ఇటూ చించుకుంటూ పోతే చీర మొత్తం ఒకే పొడుగు పీలికవుతుంది, ముడులు పడవు. ఉండ చుట్టుకోండి.

సూది 8 లేదా 9 మి.మీ. రెండు చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్‌లోనే 6 సింగిళ్ళు. రెండో చుట్టు ప్రతి కుట్టులో రెండేసి, 12. మూడో చుట్టు ఒకటి, రెండు, ఒకటి, రెండు, 18. నాలుగో చుట్టు ఒకటి, ఒకటి, రెండు, 24. చుట్టుకి ఆరు పెరగాలి, అంతే లెక్క. చుట్టు మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టుకుని ఆపకుండా తిప్పుకుంటూ పోండి. గిన్నెలా లోపలికి వంగుతుంటే పెంచడం తక్కువైంది, అప్పడంలా అలలు తిరుగుతుంటే ఎక్కువైంది. ఆరు చుట్లకి కుక్కర్ దించేంత అవుతుంది, ఇంకా తిప్పితే దేవుడి ముందు కూర్చునే ఆసనం.

చీర నిజంగా నూలుదేనా అన్న అనుమానం ఉంటే ఒక పోగు తీసి వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే సింథటిక్, అది కాళ్ళు తుడుచుకునే పట్టాకి సరే, వేడి గిన్నె కిందికి వద్దు.

పసిబిడ్డ టోపీ

శ్రీమంతానికి, బారసాలకి అందరూ అడిగేది ఇదే. కొలత ఒక్కటి తెలిస్తే చాలు: తల చుట్టుకొలతని 3.14తో భాగించండి, వచ్చిన దాంట్లో అర సెంటీమీటరు తగ్గించండి, అంత వెడల్పు గుండ్రం అయ్యేదాకా పెంచుకుంటూ పోయి, ఆ తర్వాత పెంచకుండా కిందికి దిగడమే. అప్పుడే పుట్టిన బిడ్డ తల సుమారు 35 సెం.మీ. ఉంటుంది, మూడు నెలలకి 40 దాకా వస్తుంది. నేను మూడు నెలల కొలతకే, అంటే 12 సెం.మీ. గుండ్రానికే అల్లుతాను, ఎందుకంటే పురిటిలో టోపీలు ఎలాగూ నాలుగైదు వస్తాయి, ఏదీ నెల తిరిగేసరికి పట్టదు.

మెత్తటి 4 ప్లై కాటన్, 2.5 మి.మీ. సూది. 4 చైన్లు ఉంగరంగా కలిపి అందులో 12 డబుళ్ళు, తర్వాత చుట్టు 24, ఆపై 36, అలా 12 చొప్పున. ప్రతి చుట్టు మొదట్లో 3 చైన్లు వేస్తే అది ఒక డబుల్ కింద లెక్క. పూసలు, బొత్తాలు, గడ్డం కింద కట్టే తాళ్ళు పెట్టకండి, ముద్దుగా ఉంటాయి కానీ బిడ్డ నోట్లోకి పోతాయి, లేదా మెడకి చుట్టుకుంటాయి. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయమని ఇచ్చేటప్పుడే చెప్పండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టే ఇళ్ళకి అక్రిలిక్ టోపీ అస్సలు ఇవ్వొద్దు, నిప్పు దగ్గర దాన్ని నమ్మలేం.

ఇచ్చేటప్పుడు

గిఫ్ట్ పేపరు బదులు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్క ఉంటే అందులో చుట్టండి, ఆ గుడ్డ కూడా వాళ్ళకి పనికొస్తుంది. గృహప్రవేశానికి తోరణం ఇచ్చేవాళ్ళు వాళ్ళ గుమ్మం కొలత ముందే ఎలాగోలా కనుక్కోవాలి. నేను "మీ తలుపు దగ్గర ఫోటో తీసుకుంటాను" అని వెళ్ళి చేత్తో జానలు కొలిచి వచ్చేస్తాను. లోపల ఒక చిన్న చీటీ పెట్టండి: చల్లనీళ్ళలో చేత్తో ఉతకాలి, నీడలో ఆరబెట్టాలి, గంజి ఇష్టమైతే. ఆకుపచ్చ దారం ఓ రెండు మూరలు చుట్టి ఆ చీటీకి పిన్నీసుతో గుచ్చి ఇస్తే, ఎప్పుడైనా కాడ ఊడినా వాళ్ళే కుట్టుకుంటారు, మిమ్మల్ని పిలవరు.